బోనానికి మూడు కొటేషన్లు

మా గది తలుపు మీద 'పర్చేజ్' అని రేకు ఉన్నన్నాళ్లూ నా ఉద్యోగం నాకు అర్థమయ్యేది. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే, కంపెనీకి కావలసిన సామాను కొంటానని చెప్పేదాన్ని. డ్రమ్ములు, సంచులు, చేతి తొడుగులు, పెన్నులు, ఫినాయిల్. వినేవాళ్లు సరేనని తలూపి వాళ్ల పని చూసుకునేవాళ్లు. కొత్త మేనేజర్ వచ్చాక ఆ రేకు పీకించి 'ప్రొక్యూర్‌మెంట్' అని కొత్తది కొట్టించాడు. జీతం పెరగలేదు, కుర్చీ మారలేదు, కుర్చీకి విరిగిన చెయ్యి కూడా అట్లాగే ఉంది. పేరు పలకడానికి మాత్రం రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

మాది జిన్నారం వైపు ఒక ఊరు. ఆ ఊరికి నేను కోడలిగా వచ్చాను. ఊరి పొలిమేరలోనే ఉన్న మందుల ఫ్యాక్టరీలో పని చేస్తాను. తమాషా ఏమిటంటే, ఆ ఇంగ్లిషు మాట మా ఊళ్లో నాకంటే ముందు నుంచే ఉంది. వరికోతలయ్యాక వడ్లు కొనే కేంద్రం దగ్గర కట్టే బ్యానర్ మీద అదే మాట. దాంతో నేను సర్కారు వడ్ల కాంటా దగ్గర చేరానని ఊరంతా అనుకుంది. పొద్దున వాకిలి ఊడుస్తుంటే "అక్కా, మా వడ్లు ఎండినయ్, జెర జల్దీ కాంటా పెట్టియ్యరాదు" అని ఒకరు, "గన్నీ సంచులు జెరన్ని ఇప్పియ్యి చెల్లె" అని ఇంకొకరు. నాది మందుల కంపెనీ అని ఎంత మొత్తుకున్నా, "కంపెనీల గూడ కాంటా ఉన్నదా?" అని ఎదురు ప్రశ్న. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. చీపురు అక్కడే పడేసి లోపలికి వచ్చేసేదాన్ని.

ఇతరులకు చెప్పాలంటే ముందు నాకు తెలియాలి కదా అని ఫోన్లో నిఘంటువు తీశాను. సంపాదించు, సేకరించు, సమకూర్చు అని మూడు అర్థాలు ఇచ్చి అది చేతులు దులుపుకుంది. సంపాదించడం అంటే మా ఇళ్లలో జీతమో, జాగానో, మంచి పేరో. ఫినాయిల్ సంపాదించానని ఎవరూ చెప్పుకోరు. సేకరించేది చందాలు, సంతకాలు. సమకూర్చడం అనే మాట వేదికల మీద మైకు పట్టుకున్నవాళ్ల నోట తప్ప నేను విన్న పాపాన పోలేదు. మేం రోజూ వాడే మాటలు వేరు. ఉప్పు తెస్తాం. మోటరు కొంటాం. బోరు బాగు చేసేవాణ్ని పట్టుకొస్తాం. పాలు తోడు వేయడానికి పక్కింట్లో పెరుగు చుక్క అడుక్కొస్తాం. ఎక్కడా దొరకనిది ఎవరైనా తెస్తే "యాడికెళ్లి పైదా చేసినవ్?" అని నోరు వెళ్లబెడతాం. వస్తువు ఇంట్లోకి వచ్చిన దారిని బట్టి మాట మారుతుంది. పెరుగు చుక్కను కొనుక్కొచ్చానంటే పక్కింటామె నొచ్చుకుంటుంది. మోటరును అడుక్కొచ్చానంటే మా ఆయన నొచ్చుకుంటాడు. ఇన్నింటినీ ఒకే ఇంగ్లిషు మాట ఎట్లా మోస్తుందో నాకు అంతుపట్టలేదు.

చివరికి మేనేజర్‌నే అడిగాను. ఆయన గుజరాత్ మనిషి, మర్యాదస్తుడు, చాయ్‌లో చక్కెర తక్కువైతే తప్ప కోపం రాదు. హిందీ, ఇంగ్లిషు కలిపి చాలాసేపు చెప్పాడు. కొనడం అంటే డబ్బు కట్టగానే పని అయిపోతుంది. ప్రొక్యూర్ అట్లా కాదు. ఏం కావాలో తెలుసుకోవాలి, ఎవరి దగ్గర ఉందో వెతకాలి, ముగ్గురిని ధర అడగాలి, నాణ్యత చూడాలి. సరుకు గేటు దాటి వాడేవాడి చేతిలో పడేదాకా జిమ్మేదారీ మనదే. లోకంలో ప్రొక్యూర్ చేయలేని వస్తువంటూ లేదని కూడా అన్నాడు. నేను తలూపాను. ఆ గదిలో నాకు బాగా అలవాటైన పని తలూపడమే.

ఆ వివరణతో నేను హాయిగా ఉండేదాన్నేమో గానీ, ఇంట్లో మా అత్తమ్మ మొక్కు ఒకటి అప్పటికే నా నెత్తి మీద కూర్చుని ఉంది.

ఈ ఉద్యోగం నాకు ఊరికే రాలేదు. పెళ్లయిన కొత్తలో నా డిగ్రీ కాగితాలు పట్టుకుని పాశమైలారం నుంచి గుమ్మడిదల దాకా కనిపించిన ప్రతి గేటు ముందూ నిలబడ్డాను. ఒక్కరూ లోపలికి పిలవలేదు. చెప్పులు అరిగాయి, మొహం నల్లబడింది, ఇంటికొచ్చి ఏడవడం రోజూ అయ్యింది. అది చూడలేక మా అత్తమ్మ మైసమ్మకు మొక్కింది. కోడలికి మా ఊరి ఫ్యాక్టరీ గోడ లోపల నౌకరీ వస్తే తన చేత్తో బోనం వండి, దీపం పెట్టి, నెత్తిన ఎత్తుకుని వచ్చి ఇస్తానని. నౌకరీ వచ్చింది. మొదటి ఏడు దగ్గరి చుట్టం పోయి మైల వచ్చింది. ఆ తర్వాతి ఏడు ఆమె మోకాలు వాచి మంచం దిగనివ్వలేదు. అప్పటి నుంచి ఇంట్లో ఎవరికి తలనొప్పి వచ్చినా మొక్కు తీరలేదు గనకే అనుకునేది. మా ఆయన బస్సు లేటయినా అదే కారణం. ఈ శ్రావణంలో ఎట్లాగైనా బోనం ఎత్తాలని, లేకపోతే ఇచ్చిన నౌకరీని తల్లే వెనక్కి తీసుకుంటుందని ఆమె గట్టి భయం. ఆ భయం చూసి నేను పైకి విసుక్కునేదాన్ని, లోపల మాత్రం నాకూ కొంచెం బెదురుగానే ఉండేది.

ఆ మైసమ్మ గుడి ఇప్పుడు మా కంపెనీలోనే ఉంది. కంపెనీ రాకముందు అది పొలాల మధ్య చిన్న గూడు. భూములు తీసుకుని ప్రహరీ కట్టినప్పుడు గుడి గోడ లోపలికి పోయింది. దాన్ని ఎవరూ కదిలించలేదు, పైగా ఏటా సున్నం వేయిస్తారు. శ్రావణంలో ఒక ఆదివారం మా ఊరి ఆడవాళ్లు డప్పులతో వచ్చి, గేటు దాటి లోపలికి పోయి బోనాలు ఇచ్చి వచ్చేవాళ్లు. కొత్త కుండలో పాలు, బెల్లం వేసి వండిన అన్నం, కుండకు పసుపు కుంకుమలు, వేపమండలు, దాని మీద వెలుగుతున్న దీపం.

ఈ ఏడు చిక్కంతా ఆ దీపం దగ్గరే వచ్చింది. గుడి పక్కన ఖాళీగా ఉన్న జాగాలో కొత్తగా సాల్వెంట్ ట్యాంకులు పెట్టారు. చిన్న నిప్పురవ్వ తగిలితే చాలు, భగ్గుమనే ద్రావకాలు అవి. మేం కూడా ఫోన్లు గేటు దగ్గర వదిలి పోవాలి. దీపాలు లోపలికి రానివ్వమని సేఫ్టీ వాళ్లు చెప్పేశారు. వాళ్లను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. ఈ చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీలో వేళ కాని వేళ సైరన్ మోగినా ఇళ్లలో అన్నం తింటున్నవాళ్లు అట్లాగే లేచి నిలబడతారు. అటు చూస్తే సేఫ్టీ వాళ్లు చెప్పింది నిజం, ఇటు చూస్తే అత్తమ్మ మొక్కు నిజం.

అప్పుడు మా మేనేజర్‌కు ఒక ఉపాయం తట్టింది. ఊరివాళ్లు శ్రమ పడనక్కర్లేదు, కంపెనీయే తన ఖర్చుతో బోనాలు పెడుతుంది, దీపం బదులు బ్యాటరీ లైటు. నా వైపు తిరిగి "ప్రొక్యూర్ కర్ దీజియే మేడం" అన్నాడు.

నా బుద్ధి ఏ గడ్డి మేయడానికి పోయిందో తెలియదు, చేసేశాను! కంప్యూటర్‌లో కొత్త వస్తువు పేరు ఎక్కించాను: బోనం, అలంకరణతో సహా. అది అడిగిన గళ్లన్నీ నింపాను. వాడేది ఎవరు అంటే అమ్మవారు. ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది అంటే ఆ పూట. మండే గుణం ఉందా అని అడిగితే కాసేపు తల పట్టుకుని, బ్యాటరీయే కదా అని, లేదని పెట్టాను. ఇక మూడు కొటేషన్లు కావాలి. పటాన్‌చెరులో క్యాటరింగ్ అతనికి ఫోన్ చేస్తే "వెజ్జా, నాన్‌వెజ్జా మేడం?" అన్నాడు. మిఠాయి దుకాణం వాళ్లు బెల్లం అన్నం కిలోల లెక్కన ఇస్తామని, కుండ మనమే తెచ్చుకోవాలని చెప్పారు. సంగారెడ్డిలో పెళ్లి మంటపాలు కట్టే కుర్రవాడి దగ్గర పూర్తి ప్యాకేజీ ఉంది. రంగు వేసిన కుండలు, ప్లాస్టిక్ వేపాకు, బ్యాటరీ దీపాలు, పట్టుచీరల్లో ఎత్తుకొచ్చే అమ్మాయిలు. పూనకం కావాలంటే దానికి విడిగా పడుతుందన్నాడు. నేను అది కూడా రాసుకున్నాను.

సరుకు ఒప్పుకునే ముందు శాంపిల్ చూడాలని మా రూలు. కంపెనీలో బోనం మంచి చెడ్డలు చెప్పేవాళ్లు ఎవరున్నారు? మీ ఇంట్లో పెద్దవాళ్లకు చూపించండి అన్నాడు మేనేజర్. మంటపాల కుర్రవాడు పంపిన కుండను ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. అత్తమ్మ గడప మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటోంది.

"ఏందే ఇది?"

"బోనం, అత్తమ్మా. ఈ యేడు కంపెనోళ్లే పెడ్తరట. నువ్వు గా మోకాలుతోని నడిచే పని లేదు."

ఆమె లేచి కుండ చుట్టూ తిరిగింది. వేపాకు తుంచబోయింది, అది సాగింది గానీ తెగలేదు. కింద మీట నొక్కితే దీపం వెలిగింది. మళ్లీ నొక్కితే ఆరిపోయింది.

"లోపలి అన్నం ఎవలింటి బియ్యం?"

"నాకేం తెలుసు? ఏదో దుకాణం బియ్యం."

"వండినామె ఒక్కపొద్దు ఉన్నదా?"

"వండింది మొగాయన."

"మరి ఎవలి మొక్కు ఇది?"

కంప్యూటర్‌లో అట్లాంటి గడి లేదు.

"నేను తల్లికి అన్నం వండి పెడ్తనని మొక్కిన," అంది అత్తమ్మ. "హోటల్ల తినిపిస్తనని మొక్కలే."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆమె నవ్వలేదు. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. "నీ నౌకరీ కోసమని మొక్కితి. గిప్పుడు గా నౌకరీనే అడ్డమొచ్చె" అని లోపలికి పోయింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేసింది. చెప్పవలసింది ఏదైనా ఉంటే గోడకు చెప్పినట్టు చెప్పేది. "నూనె అయిపోయింది. తెచ్చేటోళ్లు ఉంటే తెస్తరు" అని గోడతో అంటే, నేను గోడ తరఫున వెళ్లి నూనె తెచ్చేదాన్ని. మా ఆయన మాత్రం ఇద్దరి మధ్య ఎందుకులే అని రోజూ ఓవర్‌టైమ్ చేశాడు.

నాకు పిచ్చెక్కినట్టుగా ఉండేది. వంట నూనెను కొని తెస్తే తప్పు లేదు. బోనంలో వేసే బెల్లం కొన్నదే, కుండ కుమ్మరి ఇంట్లో కొన్నదే. బియ్యం కూడా ఒక ఏడు పంట పోతే కొన్నవే. అన్నీ కొన్నవే అయినప్పుడు, అన్నీ కలిపి ఒకేసారి కొంటే ఎందుకు చెల్లదు? ఎక్కడ కొనడం ఆగి ఇంకేదో మొదలవుతుంది? అత్తమ్మను అడుగుదామంటే ఆమె గోడతో తప్ప మాట్లాడదు. ఆఫీసులో మేనేజర్‌ను అడిగితే ఆయన "క్వాలిటీ ప్రాబ్లమా?" అన్నాడు. కాదన్నాను. "రేటా?" కాదన్నాను. ఇది తెచ్చుకునే వస్తువు కాదు సార్, ఇచ్చే వస్తువు అని నా వచ్చీ రాని హిందీలో చెప్పాను. అయితే కంపెనీ కొని ఇస్తుంది కదా, ఇవ్వడమే కదా అన్నాడాయన, మనస్ఫూర్తిగా. ఆయన అన్నదీ కరెక్టే అనిపించింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని చాయ్ తాగాం. బోనం ఆర్డరు మాత్రం నేను రద్దు చేశాను. ఎందుకో కారణం అడిగిన గడిలో ఏం రాయాలో తెలియక ఒక చుక్క పెట్టి వదిలేశాను.

చివరికి ఊరివాళ్లు గేటు దాకా వచ్చి, అక్కడ దీపాలు ఆర్పి, బోనాలతో లోపలికి పోవచ్చని సేఫ్టీ వాళ్లు తేల్చారు. ఆ మాట ఇంట్లో చెబితే అత్తమ్మ గోడ వైపు తిరిగి దీపానికి వత్తులు చేసుకుంటూ కూర్చుంది.

ఆదివారం పొద్దున ఆమె తల స్నానం చేసి పొయ్యి అలికింది. బోనం దిగేదాకా మా ఇంట్లో పొయ్యి మీద ఇంకేదీ ఎక్కదు, కనీసం చాయ్ కూడా. అందుకని నేనూ ఏమీ తినకుండానే డ్యూటీకి పోయాను. సెలవు రోజైనా ఊరివాళ్లకూ కంపెనీకీ మధ్య మాట్లాడటానికి మేనేజర్ నన్ను రమ్మన్నాడు. గేటు లోపల నేను, గేటు బయట మా ఇల్లు. ఎటు నిలబడాలో తెలియక సెక్యూరిటీ గది నీడలో నిలబడ్డాను.

డప్పులు వినిపించాయి. వరసలో ముందు మా అత్తమ్మే. ఒక చేత్తో నెత్తి మీది కుండ పట్టుకుని, ఇంకో చేత్తో మోకాలు నొక్కుకుంటూ వచ్చింది. గేటు దగ్గర ఆగింది. బిహార్ నుంచి వచ్చిన సెక్యూరిటీ అతను చేతులు జోడించి, దియా లోపలికి రాదమ్మా అని హిందీలో బతిమాలాడు. ఆర్పాలి అని చేత్తో సైగ చేశాడు. వెనకున్న ఆడవాళ్లు గొడవకు దిగారు. డప్పులు ఆగిపోయాయి. అత్తమ్మ దీపం ఆర్పలేదు, వెనక్కి పోలేదు, నా వైపు చూడలేదు కూడా. బరువంతా మంచి కాలు మీదికి మార్చుకుంది. ఆమె అక్కడే పడిపోతుందేమోనని నేను నీడలోంచి రెండడుగులు ముందుకు వేశాను.

అప్పుడు ఆమె గేటు లోపల నిలబడ్డ మేనేజర్‌ను చూసి అడిగింది. "దీపంతోని మేం లోపలికి రావొద్దు, సరే. మరి ఆ తల్లి బయటికి రావొద్దని ఏమన్న రాసిపెట్టుకున్నరా?"

మేనేజర్ నా వైపు చూశాడు. నేను తర్జుమా చేశాను. మాకు ఎదురుకోలు అనే పద్ధతి ఉంది సార్, అమ్మవారిని ఘటంలో నిలిపి, అంటే అలంకరించిన కుండలో, బయటికి తీసుకొస్తే జనం ఎదురెళ్లి మొక్కుతారు అని చెప్పాను. ఆయన మొహం వెలిగింది. అయితే అట్లాగే చేద్దాం అన్నాడు. సెక్యూరిటీ అతను మాత్రం, లోపలి నుంచి ఏది బయటికి పోవాలన్నా గేట్ పాస్ కావాలి సాబ్ అన్నాడు. పోయి తిరిగి వచ్చే సామానుకు మా దగ్గర వేరే పాస్ ఉంటుంది. మేనేజర్ దాని మీద సంతకం పెట్టి, "రిటర్నబుల్" అని గట్టిగా చెప్పాడు.

మరి ఎత్తుకొచ్చేది ఎవరు? మా ఊరి పద్ధతిలో ఒక్కపొద్దు ఉన్న ఇంటి ఆడమనిషి ఎత్తాలి. కంపెనీ పద్ధతిలో గేట్ పాస్ మీద సామాను తెచ్చేది కంపెనీ మనిషే కావాలి. రెండూ కుదిరిన మనిషి అక్కడ ఒక్కతే ఉంది. ఆమెకు ఇట్లాంటివి చేతనవునా, తగునా, నమ్మకం ఉందా అని ఎవరూ అడగలేదు. నన్ను నేనే ప్రశ్నించుకుంటూ బూట్లు విప్పి లోపలికి నడిచాను.

గుడిలో ఘటానికి ఎవరో అప్పటికే పసుపు రాసి వేపమండలు కట్టి ఉంచారు. ఎత్తితే అనుకున్నదానికంటే బరువుగా ఉంది. ట్యాంకుల వాసనా వేపాకు వాసనా కలిసి ముక్కుకు తగిలాయి. కంకర కాళ్లకు గుచ్చుకుంది. పడేస్తానేమో అన్న ఒక్క భయం తప్ప భక్తి అనేది ఏ మూలా లేదు. ఆ సంగతి నెత్తి మీదున్న ఆమెకు తెలిసిపోతుందేమో అని ఇంకో భయం.

గేటు దాటగానే డప్పులు ఒక్కసారి లేచాయి. అత్తమ్మ తన బోనాన్ని, వెలుగుతున్న దీపంతోనే, నా ముందు నేల మీద దించింది. చెంబు తీసుకుని, మోకాలు పట్టుకుని మెల్లగా వంగి, నా కాళ్ల మీద పసుపు నీళ్లు పోసింది. వద్దు అత్తమ్మా అనబోయాను. ఘటం ఎత్తినవాళ్లు మాట్లాడకూడదని ఎవరో వెనక నుంచి గదిమారు.

"అమ్మా, నా కోడలికి నౌకరీ ఇయ్యమని అడిగిన. ఇచ్చినవ్," అంది అత్తమ్మ. వారం రోజులుగా గోడతో తప్ప మాట్లాడని గొంతు అది. "ఇగో, నీ అన్నం తెచ్చిన. ఆలస్యమైంది, నాదే తప్పు. గా పోరికి ఏం తెల్వది. నీ అన్నానికి ధరలు అడిగింది. కోపముంటే నా మోకాలు మీద చూపియ్యి, దాని మీద పెట్టకు. గది శాన ఏడ్చినంక దొరికిన నౌకరీ. దాన్ని దాని దగ్గర్నే ఉండనియ్యి."

చెప్పి, తల ఎత్తి నా మొహంలోకి చూస్తూ జవాబు కోసం ఆగింది. రెండు చేతులూ ఘటం మీదే ఉన్నాయి, కళ్లు తుడుచుకునే వీలు లేదు. ఆమె అడిగింది నన్ను కాదని నాకు తెలుసు. అయినా చూస్తున్నది నన్నే. ఏం చేయాలో తెలియక, ఘటం కదలకుండా, మెల్లగా తలూపాను.